దిక్కు నమ్మిన మాట

కార్తీక బహుళ సప్తమి

పోటు బలహీనంగా ఉంది. నీరు మూడో మెట్టు దాటలేదు. గాలి ఈశాన్యం నుంచి. కొత్తమొగ రేవులో పడవలు: పలక ప్రకారం తొమ్మిది, కంటికి కనిపించినవి ఎనిమిది.

ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆటుపోట్ల పట్టికలు లెక్కకట్టాను. విరమించాక ఈ మెట్ల మీద కూర్చుని నీటిమట్టం, గాలి, పడవల రాకపోకలు రాస్తున్నాను. లెక్క కలవని రోజు ఇంతవరకు లేదు. అందుకే ఈ తొమ్మిదో పడవ గురించి వివరంగా రాయవలసి వస్తోంది.

అది సూరమ్మ భర్త చేపల పడవ. పడవల జాడ చూపడానికి రేవు గోడకు బిగించిన పలక మీద దాని చుక్క నాలుగో గుంజ దగ్గర వెలుగుతోంది. సూరమ్మ ఆ చుక్కను చూసి ఐసు పెట్టె నెత్తిన పెట్టుకుని మెట్లు దిగింది. నాలుగో గుంజ దగ్గర నీళ్ళు తప్ప ఏమీ లేవు.

"మామ్మగారూ, మా ఆయన పడవేదండీ?"

"పలక మీద ఉంది."

"పలక మీదుంటే సేపలు పలక మీంచి దింపుకోమంటారా?"

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. తరువాత రేవు చివరనున్న మాటస్తంభం దగ్గరికి వెళ్ళి దిక్కుని అడిగాను. మా పడవలన్నిటికీ దారి చెప్పే యంత్రానికి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గానే పెట్టారు. పల్లెలు మునిగి, రోడ్డంటే ఏమిటో పిల్లలకు బొమ్మ గీసి చెప్పవలసి వస్తున్న ఈ రోజుల్లో మాకు వేరే దిక్కు లేదు.

"సూరమ్మవాళ్ళ పడవ ఎక్కడుంది?"

"రేవు చేరింది" అంది దిక్కు.

"నాకు కనిపించడం లేదు."

"రేవు చేరింది."

నీరు తీసే పాటు మొదలయ్యాక ఆ పడవ నిజంగానే వచ్చింది. తన చుక్క ఉన్నచోటే కట్టుకుంది. అప్పటికి ఐసు సగం నీరైపోయింది. దినచర్యలో "రెండుసార్లు వచ్చింది" అని రాశాను. కొట్టేశాను. ఏం రాయాలో తెలియక మళ్ళీ అదే రాశాను.

బహుళ నవమి

పోటు నిన్నటికన్నా తక్కువ. మాటస్తంభానికి పట్టిన ఉప్పు తుడిచాను. ఇనుము తుప్పు పడుతోంది, రంగు వేయించాలి.

రేవు వదిలే ప్రతివాళ్ళూ ఈ స్తంభం ముందు నిలబడి ఎక్కడికి వెళ్తున్నారో తమ నోటితో చెప్పాలి. ఆకాశంలోని ఉపగ్రహాల సంకేతాలకు నకళ్ళు తయారుచేసి సముద్రం మీదికి వదిలేవాళ్ళు ఎవరో ఉన్నారు. ఒడ్డునున్న రేడియో స్తంభాలకూ నకళ్ళు వస్తున్నాయి. ఎదురుగా నిలబడి చెప్పిన మనిషి మాటకు మాత్రం నకలు పుట్టదని దిక్కును నడిపే కేంద్రంవాళ్ళ ధీమా.

ఉదయం దానయ్య వచ్చాడు. కట్టెలు, మంచినీళ్ళ పీపాలు మోసే పడవ అతనిది.

"మొండిదిబ్బకి పోతన్నా" అని స్తంభానికి చెప్పి కదిలాడు.

"పోతన్నా ఏమిటి, దానయ్యా? వెళ్ళొస్తానని అనలేవూ?"

"అదడిగింది ఏడకి పోతన్నావనండి. వత్తావా రావా అని అడగలేదుగా."

"ఎన్నిసార్లు చెప్పాలి? గడప దాటేటప్పుడు ఆ మాట అనకూడదు. నోరు మంచిది కాదు నీది."

"నోరు మంచిది గాపోయినా పడవ మంచిదేనండి, ఆయ్" అంటూ తాడు విప్పుకున్నాడు.

అతని వెనకే మా మేదిని. నా మనవరాలు. వాళ్ళ అమ్మానాన్నా ఎగువన సముద్రపు గోడ కట్టే పనిలో ఉంటారు, ఇక్కడ నేనూ, అదీ. దిబ్బలన్నిటికీ మందులు చేరవేసే పడవ నడుపుతుంది. పెంపకం నాది కాబట్టి ఎవరూ చెప్పనవసరం లేకుండా స్తంభం ముందు నిలబడి "కంచుదిబ్బకి వెళ్ళొస్తాను" అని అక్షరం అక్షరం పలికింది. దానయ్య వైపు చూశాను. అతను నవ్వాడు.

బహుళ ఏకాదశి

నీరు రెండో మెట్టు. ఆకాశం పలచగా మబ్బు పట్టింది. లెక్క మళ్ళీ కలవలేదు. ఒకటి కాదు, మూడు పడవలు.

బడి పిల్లల పడవ రేవులో ఉందని పలక చెబితే తల్లులందరూ వచ్చి ఖాళీ గుంజ ముందు నిలబడ్డారు. ఒకావిడ ఏడుపు మొదలుపెట్టింది. ఆవిడను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చే లోపల పడవ సముద్రంలోంచి రేవుకు దారిచ్చే మొగలోకి తిరిగింది, పిల్లలు పాడుకుంటూ వచ్చారు. ఉన్నదన్నప్పుడు లేదు, లేదనుకుంటే ఉంది. నాకు కోపం రావాలో భయం వేయాలో తెలియలేదు.

సాయంత్రం మేదిని తన చుక్క మీదికే వచ్చి పడవ కట్టింది. పలక చూసి తెల్లబోయింది.

"నేను రాకముందే వచ్చేశానా, మామ్మా?"

"చాలాసేపైంది నువ్వొచ్చి. కాళ్ళు కడుక్కో."

"అదేం మాట?"

"నాకేం తెలుసు? దిక్కునడుగు."

కేంద్రానికి తీగమీద మాట్లాడాను. అక్కడ పలకలు చూసేదీ, ఆపదలో రక్షణ పడవలు పంపేదీ ప్రసూనగారే. మర్యాదస్తురాలు. నేను చెప్పింది ఓపికగా విన్నది.

"అమ్మా, దిక్కుకి ఈమధ్య కొత్త బుద్ధి నేర్పాం. ఇదివరకు దొంగ సంకేతాలు రాగానే చుక్కలు ఆరిపోయేవి, గుర్తుందా? ఇప్పుడు అన్నిరకాల సాక్ష్యాలూ తీసుకుంటుంది. ఉపగ్రహం, రేడియో, పడవ అడుగున ఉన్న అయస్కాంతం, నీటి లోతు, అలల ఊపు, ఎక్కేముందు మనిషి చెప్పిన మాట. వీటిలో ఏది అబద్ధమాడుతోందో చూసుకుని పక్కన పెట్టేస్తుంది. ఇప్పుడు ఒక్క చుక్క కూడా ఆరడం లేదు."

"ఆరిపోయినప్పుడు, దానికి తెలియదని మనకు తెలిసేది కదమ్మా" అన్నాను.

ఆమె "పరిశీలిస్తాం" అంది.

ఆ మాట నేనూ ఉద్యోగంలో చాలామందికి చెప్పాను. దాని బరువెంతో నాకు తెలుసు.

బహుళ చతుర్దశి

పోటు పెరుగుతోంది. నీరు ఐదో మెట్టు. గాలి తిరిగింది. ఆగ్నేయాన అల్పపీడనమని ఉదయం కేంద్రం చెప్పింది.

నాలుగు రోజులుగా ఏ పడవ చుక్క ఎప్పుడు తప్పిందో వరుసగా రాసుకుంటూ వచ్చాను. అన్నీ తప్పాయి, దానయ్యది తప్ప. అతని చుక్క అతనితోనే వెళ్తుంది, అతనితోనే వస్తుంది. ఒకటి రెండుసార్లు కాస్త మసకబారింది గానీ అబద్ధం మాత్రం చెప్పలేదు.

పడవలోని యంత్రం చూపించమన్నాను. రేవు మొత్తంలో అదే పాతది. పగిలిన మూతను చీర పేలికతో కట్టాడు.

"దీనికేం చేస్తావు, దానయ్యా?"

"ఏం సేత్తానండీ? పొద్దున్నే కాత్త సాంబ్రాణి ఏత్తాను. మా ఆవిడ ఏయమంది."

నేను చదువుకున్నదాన్ని. యంత్రానికీ సాంబ్రాణికీ సంబంధం లేదని అతనికి వివరంగా చెప్పాను. అయస్కాంతం, లోతు, అలలు అన్నీ చెప్పాను. బుద్ధిగా తల ఊపాడు. మధ్యాహ్నానికి రేవంతా సాంబ్రాణి పొగ. సూరమ్మ తన మొగుడి పడవకు రెండు చెంచాలు ఎక్కువే వేసింది. సాయంత్రం ఆ పడవ కూడా పలక మీద ముందే వచ్చేసింది.

"పొగ సాల్లేదంటారా, మామ్మగారూ?" అంది సూరమ్మ.

మా మందుల పడవలో కూడా సాంబ్రాణి వాసన వేసింది. అది వేసింది మేదిని కాదు. అంతకన్నా రాయను.

కార్తీక అమావాస్య

పోటు ఏడో మెట్టు. పాటు ఇంకా ఉధృతంగా ఉంటుంది. గాలి తూర్పు, ఆగ్నేయం. ఈరోజు లెక్కలు తరువాత రాస్తాను.

కంచుదిబ్బలో ఊపిరాడని ముసలాయనకు మందు అయిపోయింది. వాన మొదలయ్యేలోగా ఇచ్చి వచ్చేస్తానని మేదిని తొందరపడింది. స్తంభం ముందు నిలబడి "కంచుదిబ్బకి వెళ్తు..." అని సగంలోనే పడవ వైపు నడిచింది.

"ఆగు" అన్నాను. "సగం మాట మింగుతావేం? వెనక్కి వచ్చి పూర్తిగా చెప్పు."

"మామ్మా, వాన..."

"చెప్పు."

వెనక్కి వచ్చింది. "కంచుదిబ్బకి వెళ్ళొస్తాను" అంది, చిన్నప్పుడు ఎక్కం అప్పజెప్పినట్టు. నాకు నాలుక చూపించి వెళ్ళింది.

వాన మధ్యాహ్నం దిగింది. అవతలి గట్టు లేదు, మొగ లేదు, ఆఖరికి నాలుగో గుంజ కూడా లేదు. అంతా ఒకే తెలుపు. అదే సమయానికి దొంగ సంకేతాలు వచ్చాయేమో, పలక మీద చుక్కలు ఒక్కసారి వణికాయి. తరువాత అన్నీ బుద్ధిగా రేవుకు నడిచి వచ్చాయి. మేదిని చుక్క కూడా వచ్చింది. మా మెట్ల కింద నిలబడింది.

"మేదిని రేవు చేరింది" అంది దిక్కు.

గొడుగు పట్టుకుని ఏడో మెట్టు దాకా దిగాను. నీళ్ళు. పేరుపెట్టి పిలిచాను. ఇంట్లోకి వెళ్ళి చూశాను, ఎందుకో వంటింట్లో కూడా చూశాను. మళ్ళీ దిగాను. చుక్క నా కాళ్ళ దగ్గరే ఉంది. పిల్ల లేదు.

కంచుదిబ్బకు తీగమీద మాట్లాడాను. మందు ఇచ్చేసి ఎప్పుడో బయలుదేరిందన్నారు. ఆపమన్నా ఆగలేదట.

కేంద్రానికి మాట్లాడాను.

"ప్రసూనగారూ, మా పిల్ల రాలేదు."

"ఉండండమ్మా, చూస్తాను." ఆమె గొంతు తేలికపడింది. "మీ మెట్ల దగ్గరే ఉందమ్మా. రేవు చేరి చాలాసేపైంది."

"నేను మెట్ల దగ్గరే నిలబడి మాట్లాడుతున్నాను. ఇక్కడ లేదు."

"ఏ గుంజ చాటునైనా..."

"మెట్లన్నీ చూశాను, నాలుగు గుంజలూ చూశాను. రక్షణ పడవ పంపండి."

"ఎక్కడికి పంపనమ్మా?" ఆమెకూ అయోమయంగానే ఉందని గొంతు చెబుతోంది. "ఉన్నవి రెండు పడవలు. చుక్క బయట కనిపిస్తే ఈ క్షణంలో పంపుతాను. మీ ఇంటి ముందున్న పడవ కోసం తుపాన్లోకి మనుషుల్ని ఎలా తోయను?"

ఆమెది తప్పని అనలేను. ఆ కుర్చీలో నేనున్నా అదే అడిగేదాన్ని. మేదిని పడవలో ఉన్నది కూడా ఇదే దిక్కు. నాకు రేవు చేరిందని చెబుతున్నది మేదినికీ అదే చెబుతూ ఉంటుంది. ఆ తెలుపులో, మొగ వచ్చేసింది, ఇక్కడ తిరుగు అంటూ ఉంటుంది. అది నమ్మి తిరిగితే? అమావాస్య పాటు మొదలైతే చిన్న పడవను ఎంత దూరం లాగేస్తుందో లెక్కకట్టి పట్టికలు రాసింది నేనే.

దానయ్య తడిసి ముద్దయి వచ్చాడు. విషయం సూరమ్మ చెప్పినట్టుంది.

"నేను సూసొత్తానండి."

"ఎక్కడని చూస్తావు? చుక్క ఇక్కడుంది."

"ఏదో ఒక ఏపు పోతానండి. కూకుంటే ఏటవుద్ది?"

స్తంభం ముందుకు వెళ్ళాడు. "దానయ్యని. మేదినమ్మని ఎతకడానికి పోతన్నా" అన్నాడు.

అలవాటు ప్రకారం నోరు తెరిచాను. పోతన్నా ఏమిటి, వెళ్ళొస్తానను. మాట నాలుక చివరి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఈ రేవులో అలా చెప్పేది దానయ్య ఒక్కడే. చుక్క తప్పనిది కూడా దానయ్యకే.

అతని చెయ్యి పట్టుకుని ఆపి, దిక్కుని అడిగాను.

"మేదిని ఎక్కడుంది?"

"రేవు చేరింది."

"ఎవరు చెప్పారు నీకు?"

"మేదిని చెప్పింది. వెళ్తానని చెప్పింది, వస్తానని చెప్పింది. ఉపగ్రహం, రేడియో ఇప్పుడు నమ్మదగినవి కావు. అయస్కాంతం, లోతు, అలలు వేరే చోటు చెబుతున్నాయి. అయితే ఈ రేవులో వస్తానని చెప్పినవాళ్ళందరూ వచ్చారు. ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్కసారీ తప్పలేదు. అందుకే మిగిలినవి పక్కన పెట్టాను."

వెళ్ళొస్తాను. అది మర్యాదకు అనే మాట. వెళ్ళేవాళ్ళు నోటినిండా అనే మంగళకరమైన మాట. దాన్ని ఇది ప్రయాణపు పట్టికగా రాసుకుంది. వెళ్ళడం ఒకటి, రావడం ఒకటి. పొద్దున్న వాన వస్తోందన్నా వినకుండా పిల్లను వెనక్కి పిలిచి మరీ చెప్పించాను.

"ఆ మాట వదిలెయ్" అన్నాను.

"చెప్పినవారు గానీ, వారి ఇంటివారు గానీ కాదని చెబితే వదులుతాను."

"నేను దాని నాయనమ్మని. అది ఇంకా రాలేదు."

చుక్క కదిలింది. మా మెట్లు వదిలి మొగ దగ్గర ఆగింది. "ఇంకా రాలేదు. వస్తోంది" అంది దిక్కు.

"వస్తోందని నేననలేదు. అది వెళ్ళింది."

"వెళ్ళింది. వస్తుంది."

"ఆలస్యమవుతుంది."

"ఆలస్యంగా వస్తుంది." చుక్క మొగలో గోరంత వెనక్కి జరిగింది.

దానయ్యకు అర్థమైంది. నా ముఖం చూడకుండా "నేను సెప్పేత్తానండి" అని స్తంభం మీద చెయ్యి వేశాడు. "దిక్కూ, ఇను. మేదినమ్మ..."

"ఇంటివారి గొంతు కావాలి" అంది దిక్కు.

సూరమ్మ, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు చూరు కింద నిలబడి చూస్తున్నారు. ఏ మాట అనాలో నాకు తెలుసు. ఇంట్లో బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటాను గానీ "లేవు" అనను. దీపం కొండెక్కిందంటాను గానీ ఆరిందనను. ఈ రేవులో పుట్టిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఏ మాట ఎక్కడ అనకూడదో నేనే నేర్పాను. దానికి వేరే మాట ఉంటుందేమోనని వెతికాను. నేను చదివిన తెలుగంతా వెతికాను. యంత్రానికి అర్థమయ్యేదీ, నేను అనగలిగినదీ ఒకే మాటగా దొరకలేదు.

స్తంభానికి దగ్గరగా వెళ్ళాను.

"నా మనవరాలు మేదిని పోయింది" అన్నాను. "ఇక రాదు."

వెనక సూరమ్మ "అయ్యో, మామ్మగారూ!" అంది. ఎవరో నా భుజం పట్టుకున్నారు.

చుక్క ఆరిపోయింది. ఆరిపోయి, చాలాసేపు ఎక్కడా లేదు. నేను చేసిన పని ఏమిటో నాకే తెలియలేదు. ఆ పలక మీద నా కళ్ళ ముందే పిల్లను తుడిచేశానా?

తరువాత దక్షిణాన, మొగకు చాలా దూరంలో, పాత కరెంటు స్తంభాలు నీళ్ళలో మునిగి ఉన్నచోట సన్నగా వెలిగింది. మసకగా ఉంది. అయినా అలల మీద ఊగుతోంది.

"అయస్కాంతం, లోతు, అలలు చెబుతున్న చోటు ఇది" అంది దిక్కు. "పడవ నిలిచి ఉంది."

తీగ మీద ప్రసూనగారి గొంతు వినిపించింది. ఇందాకటి నుంచి తీగ అలాగే తెరిచి ఉంది. అంతా విన్నదన్నమాట. "కనబడిందమ్మా, కనబడింది. పంపుతున్నాను. మా పడవ రావడానికి సమయం పడుతుంది, ఎవరైనా దగ్గర్లో..."

దానయ్య అప్పటికే తాడు విప్పుతున్నాడు. అతని చుక్క తప్పదు. అతను చేరగలడు. నా వైపు చూశాడు, తిడతాననుకున్నాడేమో.

"పో, దానయ్యా" అన్నాను.

ఆ మాట ఎవరితోనూ అనలేదు ఇంతవరకు. అతను తల ఊపి వెళ్ళిపోయాడు.

అదే రోజు, దీపాలవేళ

రెండు చుక్కలు కలిసి మొగ దాకా వచ్చాయి, రెండు పడవలూ కలిసి రేవుకు వచ్చాయి. ఆ తరువాత పలక చూడలేదు.

మేదిని వణుకుతోంది. అరచేతులు తాడుకు కోసుకుపోయాయి. అంతకుమించి దెబ్బలేవీ లేవు. మొగ వచ్చింది, ఎడమకు తిరుగు అని దిక్కు చెబితే తిరిగిందట. అక్కడ మొగ లేదు. గడ వేసి చూస్తే అడుగు అందలేదట.

"మన మొగలో నీళ్ళు గడకు అందుతాయి కదా, మామ్మా. ఇది మన మొగ కాదనుకున్నాను. దిక్కు రేవు చేరావంటోంది. నాకు పిచ్చెక్కిందేమో అనుకున్నాను. ఏమైతే అయిందని లంగరు వేసి కూర్చున్నాను."

"మంచిపని చేశావు" అన్నాను. దాన్ని ఎప్పుడూ మెచ్చుకోను కాబట్టి అది నా ముఖంలోకి చూసింది.

"ఏమైంది నీకు?"

"ఏమీ కాలేదు. తల తుడుచుకో."

సూరమ్మ చెప్పేసే ఉంటుంది. అన్నం తింటూ నన్ను దొంగచూపులు చూసింది. "నేను పోయానన్నావట?" అంది చివరికి.

"తినేటప్పుడు మాట్లాడకు."

"ఎలా వచ్చింది నోరు?"

దాని కంచంలో మజ్జిగ పోశాను. నాకూ తెలియదు.

ఈరోజు లెక్కలు: గరిష్ఠ పోటు ఏడో మెట్టు. పాటు అంచనాకన్నా అడుగు ఎక్కువ. మిగిలినవి చూడలేదు.

మార్గశిర శుద్ధ చవితి

గాలి తగ్గింది. నీరు ఐదో మెట్టు. స్తంభానికి రంగు వేశారు, నీలం.

కేంద్రంవాళ్ళు కాగితం అంటించారు. "ప్రయాణికులు 'వెళ్ళొస్తాను' అనరాదు. 'వెళ్తున్నాను' అని మాత్రమే చెప్పవలెను." ప్రసూనగారే స్వయంగా వచ్చింది. నా చేతులు పట్టుకుని, దిక్కుకి ఆ మాట సంగతి నేర్పడానికి కొంతకాలం పడుతుందని, అందాకా ఇలా ఓర్చుకోమని చెప్పింది.

రేవువాళ్ళు ఓర్చుకున్నారు, తమ పద్ధతిలో. స్తంభం ముందు "వెళ్తున్నాను" అంటారు. తరువాత నాలుగడుగులు పక్కకు వచ్చి, దానికి వినపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నాతో "వెళ్ళొస్తాను మామ్మగారూ" అంటారు. సూరమ్మ భర్త అయితే స్తంభం వైపు భయంగా చూస్తూ చెప్పాడు. దానయ్య ఒక్కడికి ఏ ఇబ్బందీ లేదు.

"ఇప్పుడు అందరూ నా బాసలోకి వచ్చారండి" అన్నాడు.

"సంతోషించు. వెళ్ళిరా" అన్నాను నెమ్మదిగా.

"ఇన్నాళ్ళూ తిట్టి, ఇప్పుడు గుసగుసలాడతారేంటండి?" అని నవ్వాడు.

శుద్ధ షష్ఠి

నీరు నాలుగో మెట్టు. గాలి ఈశాన్యం.

మేదిని చేతులు మానాయి. ఈరోజు మొదటిసారి బయలుదేరింది. స్తంభం ముందు నిలబడి నా వైపు చూసింది. "కంచుదిబ్బకి పోతన్నా" అంది, అచ్చం దానయ్యలాగే. కావాలనే. తరువాత నాలుగడుగులు ఇవతలికి వచ్చి చెవిలో అసలు మాట చెప్పి వెళ్ళింది.

చుక్క దానితోనే వెళ్ళింది. కంచుదిబ్బలో ఆగింది. సాయంత్రం అక్కడి నుంచి తిరిగొచ్చిన పడవను నేను కంటితోనే చూశాను, మొగలోకి తిరిగింది, మెట్లకు కట్టింది. మేదిని పైకి వచ్చి కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చుంది.

పలక వైపు చూశాను. చుక్క మొగ బయటే ఆగి ఉంది.

దిక్కుని అడిగాను. "మేదిని ఎక్కడుంది?"

"పడవ రేవుకు వచ్చినట్టు కనిపిస్తోంది" అంది. "కానీ మేదిని ఇక రాదని ఇంటివారు చెప్పారు. అందువల్ల నాకు స్పష్టంగా తెలియడం లేదు."

దీనికి తెలియదనడం వచ్చినందుకు సంతోషించాలో, నా మాట ఇంకా పట్టుకుని కూర్చున్నందుకు బాధపడాలో తేల్చుకోలేకపోయాను. ప్రసూనగారితో చెబితే ఆ మాట రికార్డులోంచి తీసేస్తానంది. ఒక్క నిమిషం పని అంది.

"వద్దమ్మా" అన్నాను. అన్న నోటితోనే వెనక్కి తీసుకోవాలనిపించింది.

లోపలి నుంచి మేదిని కేకేసింది. "మామ్మా, పచ్చడేదీ?"

"వస్తున్నా, ఉండు" అన్నాను. ఇంటివారి గొంతు కావాలి కదా. స్తంభం దగ్గరికి వెళ్ళి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని చెప్పాను.

"వచ్చింది."

చుక్క మొగ దాటి వచ్చి మా మెట్ల కింద నిలబడింది. గుంజకు కట్టిన పడవను చూశాను. తలుపులోంచి కంచం ముందున్న పిల్లను చూశాను. మళ్ళీ చుక్కను చూశాను. ఎందుకో మరోసారి మొదటి నుంచి చూశాను.

పలక ప్రకారం పడవలు తొమ్మిది. కంటికి కనిపించినవి తొమ్మిది. సరిపోయింది.